ఇత్తడి కెంపు

"నా బిడ్డ వేళ్ళు ఇరిచింది నువ్వే, దరోగా."

మంగ్లీ అరవలేదు. ఔట్‌పోస్ట్ మెట్టు మీద కూర్చుని, నేల వైపు చూస్తూ అంది.

"వేళ్ళ నడుమ పుల్లలు బెట్టి నొక్కింది జమీ బంట్రోతు ఉంగ. పక్కన నిలబడి ఇంకింత నొక్కుమన్నది మున్షీ. ఇంటికాడ చెవులు మూసుకొని కూసున్నది మీ రాఘవులాచారి. గని తాళం నీది. తాళంచెవి ఆళ్ళ చేతిల బెట్టి పోయినోనివి నువ్వు."

1936, నవంబరు 4. ఉదయం 7.40. బస్తర్ సంస్థానం దక్షిణపు కొస, ఎర్రబోరుకు ఆరు మైళ్ళ లోపల పులిమడుగు జమీ, ఒక జమీందారీ.

సబ్ ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ ఇంకా గుర్రం దిగలేదు. రెండో తేదీ సాయంత్రం 4.15కి కోంట బయలుదేరుతూ అతను జమీ మున్షీ రామనర్సయ్యతో అన్నది ఒకే మాట. "కాస్త అడిగి చూడండి." అంతే. జమీలో ఆ మాటకు అర్థమేమిటో అతనికి తెలియదా? తొమ్మిదేళ్ళ సర్వీసు. బాగా తెలుసు.

లాకప్‌లో మంగ్లీ కూతురు నందే గోడకు ఆనుకుని ఉంది. ఇరవై నాలుగేళ్ళ మనిషి. కుడి చేయి ఒళ్ళో పెట్టుకుంది, అది వేరే ఎవరిదో అన్నట్టు. చూపుడువేలు, నడిమివేలు వాచి నల్లబడ్డాయి. రెండూ వంగకూడని పక్కకు వంగాయి.

అతను తాళం తీశాడు. కట్టు కట్టడానికి గుడ్డ తెప్పించాడు. ఆమె కట్టించుకుంది. కళ్ళలో నీళ్ళు లేవు.

"మాట్లాడగలవా?"

"నోరు ఇరగలే గద."

* * *

కేసు కాగితం మీద తేలికైనది.

జమీ దొర దసరాకు జగదల్‌పూర్ వెళ్ళాడు. మెడలో కొత్త బంగారు పతకం, దాని నడుమ చింతగింజంత కెంపు. అక్కడ రత్నాలు అమ్మే ఒక జవహరీ సేఠ్ భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. నలుగురి ముందూ నవ్వాడు. అది గాజు.

దొర పరువు పోయింది. దొర పరువు పోతే ఎవరో ఒకరు దొంగ కావాలి. పతకం చేసింది కంసాలి రాఘవులు. అతని కొట్టంలో పనిచేసేది నందే, ఇత్తడి పోతపోసే గడ్వా కులం ఆడది. ఒకటో తేదీన సోదా చేశారు. ఆమె గుడిసెలో ఎర్ర రంగు వేసిన వెండి రేకులు దొరికాయి. ఇంకేం కావాలి? కెంపు దాచింది, గాజు పెట్టింది, కింద ఎర్ర రేకు వేసి కళ్ళు కప్పింది. కెంపెక్కడో చెప్పించడమే మిగిలింది. చెప్పించడానికే పుల్లలు.

కెంపు మాత్రం దొరకలేదు.

వెంకటనారాయణ కొత్త కాగితం తీశాడు. స్టేట్‌మెంట్ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"రాఘవులు దగ్గర ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వానకాలాలు."

"ఏం పని?"

"మొదటేడు కుంపటి ఊదిన. నీళ్ళు మోసిన."

"తర్వాత?"

"మైనం దారం తీసుడు సూసిండు."

ఆ దారం సంగతి ఆమె విప్పి చెప్పింది. గడ్వాల ఇళ్ళల్లో బొమ్మకు ముందు మైనంతో దారం తీస్తారు, వెంట్రుకంత సన్నగా, అరచేతికీ పలకకూ మధ్య దొర్లించి. నందే తీసిన దారం పట్టుకుని రాఘవులు చాలాసేపు వేళ్ళ మధ్య తడిమాడట. మరుసటి రోజు తడక వెనక పీట వేశాడు. మేలిమి బంగారాన్ని పొరలు పొరలుగా సాగగొట్టి కుందనం చేయడం నేర్పాడు. రాయి కూర్చునే గూట్లో లక్క నింపడం, దాని మీద రేకు పరచడం, రాయిని సమంగా దించడం, రాయికీ గూటి గోడకూ నడుమ కుందనాన్ని ఉక్కు మొనతో నొక్కి నొక్కి అతుకు తెలియకుండా మూయడం నేర్పాడు. ఒక్క నొక్కు ఎక్కువైతే రాయి పగులుతుంది. తక్కువైతే ఊడుతుంది. ఆర్నెల్లు పగిలాయి. ఆ తర్వాత పగల్లేదు.

"తడక ఎందుకు?"

"గడ్వ దానికి నేర్పిండని తెలిస్తే ఆయన కులపోళ్ళు ఎలేస్తరట."

"నేర్చుకున్నది ఏ రాళ్ళతో?"

"గాజుతోని. నేర్సుకునేటోళ్ళకు ఎవలన్న నిజం రాళ్ళు ఇస్తరా?"

వెంకటనారాయణ కలం ఆగింది.

"కెంపు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశావా?"

"మున్షీ తెచ్చిండు గద. దాన్నే సూసిన."

"దాని కింద ఎర్ర రేకు ఎందుకేశావు?"

నందే అతని ముఖంలోకి చూసింది. చిన్నపిల్లవాడు ఏదో అడిగినట్టు చూసింది. "ఆ రాయి ఎలిసిపోయి ఉండె. ఎర్రగ కొట్టొచ్చినట్టు ఉండాలె అన్నరు. ఏ రాయికి ఏ రేకు కావాల్నో రాయే చెప్తది అని ఆచారి నేర్పిండు. లక్క రంగు కాసి, రేకుకు మూడు పూతలు ఏసిన. మంచిగ అయింది. మున్షీ గూడ మంచిగుందన్నడు."

మోసం అని జమీ పేరు పెట్టినది ఆమెకు పనితనం. గాజు మీద గాజుకు తగిన పని చేసింది. కెంపనేది ఎలా ఉంటుందో ఎరగని మనిషి ఇంకేం చేస్తుంది?

అయినా ఇది రుజువు కాదు. మాట. గడ్వా ఆడదాని మాటకు కచేరీలో ఎంత బరువుంటుందో అతనికి తెలుసు.

"రాయి నీ చేతికి ఎన్నిసార్లు వచ్చింది?"

"రెండే మార్లు. మొదలు అచ్చు తీసుకున్నప్పుడు. మళ్ళ పొదిగినప్పుడు. అచ్చు నాడు మున్షీ ఎదురుంగనే ఉన్నడు, పొదిగిన నాడు తడక అవతల."

"అచ్చా? ఏం అచ్చు?"

"మైనం అచ్చు. మా ఇండ్ల ఏదైనా మొదలు మైనంలనే పుడ్తది."

* * *

ఉదయం 10.10. రాఘవులు కొట్టం.

ముసలాయన పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందర కుంపటి ఆరిపోయి ఉంది. అతని భార్య తిరుపతమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది.

వెంకటనారాయణ తన వేలి ఉంగరం తీసి రాఘవులు చేతిలో పెట్టాడు. "ఆచారీ, మా నాన్నది. ఈ ఎరుపు మంచిదేనా?"

రాఘవులు దాన్ని వెలుగు వైపు తిప్పాడు. బొటనవేలితో రాయిని రాశాడు.

"మంచి ఎరుపు బాబూ. నిండుగ ఉంది."

ఆ ఉంగరంలో ఉన్నది పచ్చ.

తిరుపతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వెంకటనారాయణ ఉంగరం తీసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఇక అడగాల్సిన పని లేకపోయింది. కళ్ళకు పొర కమ్మి రెండేళ్ళయింది. ఏడాదిగా ఎర్రబోరు నుంచి పామేడు దాకా రాఘవులు చేతి కుందనం అని పేరు పడ్డ ప్రతి నగా తడక వెనక నుంచి వచ్చిందే.

"రెండో తేదీ రాత్రి లాకప్‌లో ఆమెను ఏం చేస్తున్నారో తెలుసా నీకు?"

"ఇనబడ్డది," అన్నాడు రాఘవులు.

ఔట్‌పోస్ట్‌కూ కొట్టానికీ నడుమ ఉన్నది ఒక్క గోడ.

* * *

ఉదయం 11.30. వెంకటనారాయణ ఔట్‌పోస్ట్‌కు తిరిగొచ్చి జప్తీ సంచి బల్ల మీద బోర్లించాడు. ఇరవై మూడు వస్తువులు. జాబితా అతని చేతిరాతే. అందరూ వెతికింది కెంపు కోసం. ఎర్రగా లేనిదేదీ ఎవరూ రెండోసారి చూడలేదు. అతనూ చూడలేదు.

పదిహేడో నంబరు: "ఇత్తడి ముక్క, ఒకటి. పనికిరానిది."

చింతగింజంత ముక్క. అతను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. పైన పలకలు ఉన్నాయి. అడుగు చదును. ఒక మూల చిన్న నొక్కు, ఎలుక కొరికినట్టు. అడుగున సూదిమొనంత గుంట.

పనికిరానిది అని రాసిన చేయి తనదే. అతను ముక్కను జేబులో వేసుకున్నాడు.

తర్వాత లాకప్ దగ్గరికి వెళ్ళి రెండే ప్రశ్నలు అడిగాడు. జమీ కచేరీకి వెళ్ళి, పతకం పని గురించి మున్షీ స్వయంగా రాసుకున్న దినచర్య పుస్తకం తెప్పించుకుని రెండు పేజీలు చదివాడు. అందరినీ మూడు గంటలకు పిలిపించాడు.

* * *

మధ్యాహ్నం 3.00. జమీ కచేరీ.

మున్షీ రామనర్సయ్య గాదీ పరుపు మీద కూర్చున్నాడు. తలుపు దగ్గర ఉంగ. ఇవతల చాప మీద రాఘవులు, నందే, మంగ్లీ. దొర రాలేదు. దొరలు విచారణకు రారు. విచారణే వాళ్ళ తరఫున వచ్చి కూర్చుంటుంది.

"కేసు మామలా తేలిందా దరోగా గారూ?" అన్నాడు మున్షీ. "కెంపు దొరికిందా?"

"పతకం తెప్పించండి. విప్పాలి."

"విప్పుడేంది? దొరగారి నగ."

"గాజు నగ. విప్పితే పోయేదేముంది?"

మున్షీ పెట్టె తెప్పించాడు. వెంకటనారాయణ పతకాన్ని రాఘవులు చేతిలో పెట్టాడు. ఉక్కు మొన ఇచ్చాడు. చిన్న మూకుట్లో నిప్పు పెట్టించాడు. ముసలాయన మొనను కుందనం మీద ఆనించాడు. చేయి ఆగింది. ఎక్కడ తెగ్గోయాలో ఆయనకు కనబడదు.

"ఎడమకు," అంది నందే.

రాఘవులు జరిపాడు.

"ఇంకింత. ఆడ సన్నగ ఉంది. లోపటికి పోకు, పైపైన. ఆ... గట్లనే తిప్పు. మూల కాడ ఆగు. ఆడ రెండు పొరలు ఏసిన."

తను నొక్కి నొక్కి మూసిన బంగారాన్ని ఆమె నోటితో విప్పించింది. గదిలో మొన గీరుకునే చప్పుడు ఒక్కటే. మున్షీ ఒకసారి ముసలాయన కళ్ళ వైపు, ఒకసారి ఆమె కట్టు వైపు చూశాడు. అతని ముఖం రంగు మారడం వెంకటనారాయణ గమనించాడు.

లక్క వెచ్చబడింది. 3.25కి గాజు ఊడి గుడ్డ మీద పడింది. దానితో పాటు ఎర్ర రేకు, అంచులు కత్తిరించినట్టు కాక పుట్టినట్టు ఉన్న రేకు.

వెంకటనారాయణ జేబులోంచి ఇత్తడి ముక్క తీశాడు. గాజు పక్కన పెట్టాడు. అదే పలకలు. అదే మూల నొక్కు. అడుగున అదే గుంట. గాజులో బుడగ పగిలిన చోటు.

"ఇది ఈమె పోసిన ఇత్తడి. మైనంలో గాజు అచ్చు తీసి, మట్టి మెత్తి, కాల్చి పోసింది. గూడు కొలతకు రాయిని మాటిమాటికీ తీసుకురానక్కర లేకుండా."

"ఐతే?" అన్నాడు మున్షీ. "గాజు దొంగతనంగ పెట్టినంక పోసుకున్నదేమో."

"మీ పుస్తకం చదువుతాను. జులై 11. ఉదయం 10 గంటలకు కెంపును కొట్టానికి తీసుకుపోయి, నా ఎదుటే మైనం అచ్చు తీయించి, 10.20కి వాపసు తెచ్చి ఇనప్పెట్టెలో వేసితిని. మీ రాతేనా?"

"నాదే."

"సెప్టెంబరు 20. బంగారు గూడు తయారై వచ్చినది. తూచి పెట్టెలో వేసితిని. ఇదీ మీదే. ఈమె రాయి పొదిగింది ఎప్పుడు?"

మున్షీ తమలపాకుల పెట్టె ముందుకు లాక్కున్నాడు.

"సెప్టెంబరు 28. మీరు తడక ఇవతల కూర్చుని ఉండగా. అంటే గూడు తయారైన ఎనిమిది రోజులకు. ఇప్పుడు గూటి లోపల చూడండి." అతను పతకాన్ని గాదీ మీద పెట్టాడు. "గోడ ఒక మూల లోపలికి వంగింది. ఈ నొక్కును నింపడానికి వంచారు. మూల విరగని కెంపుకు ఈ వంపుతో పనేమిటి? గూడు అయ్యేనాటికి రాయి ఎక్కడుంది? మీ పెట్టెలో. జులై 11న ఇరవై నిమిషాల్లో, మీ కళ్ళ ముందు, ఈమె అచ్చు తీసింది ఈ గాజుకే. మీరు కొట్టానికి తీసుకుపోయింది గాజునే. కెంపు ఆ కొట్టం గడప ఎప్పుడూ తొక్కలేదు."

ఉంగ తలుపు దగ్గర కాలు మార్చుకున్నాడు.

"ఆచారీ," అన్నాడు వెంకటనారాయణ, "నీకు ఎప్పుడు తెలుసు?"

రాఘవులు చేతిలో మొన ఇంకా ఉంది. "అచ్చు తీసిన నాడే. ఈళ్ళు అటు మళ్ళినప్పుడు నాలిక మీద పెట్టుకున్న. కెంపైతే సల్లగనే ఉంటది. గాజు జల్ది ఎచ్చనైతది. ఎచ్చనైంది."

"ఎందుకు చెప్పలేదు?"

"దొర కెంపన్నడు. కాదనేటోన్ని నేనా? అంటే, మరి సూడు, పట్టి సూపెట్టు అంటరు. నాకు కండ్లు లేవని తెలుస్తది. తడక ఎనక ఎవలున్నరో తెలుస్తది."

"ఆమె వేళ్ళు విరుగుతున్నప్పుడు కూడా?"

ముసలాయన మొనను చాప మీద పెట్టేశాడు.

మున్షీ అప్పటికి తేరుకున్నాడు. తమలపాకు మడిచి నోట్లో పెట్టుకుని, వాన సంగతి చెబుతున్నంత తేలిగ్గా చెప్పాడు. ఆ కెంపు రెండేళ్ళ కిందటే వెళ్ళిపోయింది. వేటకు వచ్చిన తెల్లదొర పెళ్ళానికి అది నచ్చింది. నచ్చిందన్నాక ఇవ్వకుండా ఉంటారా? జమీ మీదున్న ఏదో ఎంక్వైరీ ఆ నెలలోనే ఆగిపోయింది. జగదల్‌పూర్‌లో దొర మెడ బోసిగా ఉంటే బాగుండదని గాజు తెప్పించారు. ఆ సేఠ్ నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా ఉండకపోను.

"అంటే దొంగతనమే లేదు. దొంగతనం లేనప్పుడు కేసు గూడ లేదు. పొరపాటు అని మూసెయ్యండి దరోగా గారూ. మీ పైవాళ్ళకు నేను కబురు చేస్తా." అతను గాజును గోటితో రాఘవులు వైపు నెట్టాడు. "వచ్చే వారం తెల్ల పెద్దదొర క్యాంపు ఉంది. అప్పటికి మళ్ళ పొదిగి పంపు."

అప్పుడు మంగ్లీ నవ్వింది. పొడి నవ్వు.

"ఎవలు పొదుగుతరు మున్షీ? ఈయనకు కండ్లు లేవు. నా బిడ్డకు వేళ్ళు లేవు. నీ ఉంగను పొదుగుమను. పుల్లలు బాగ నొక్కుతడు."

మున్షీ నములుతున్న నోరు ఆగింది. గాజును మళ్ళీ తన వైపు లాక్కున్నాడు.

రాఘవులు చాప మీద చేత్తో తడుముకుంటూ నందే వైపు జరిగాడు. ఎడమ చేత్తో నేర్చుకుందువు, మళ్ళీ మొదటి నుంచి నేర్పుతాను అని గొణిగాడు. తడక తీసేస్తాను అన్నాడు. ఆమె ఆయన వైపు తిరగలేదు.

"నీకు సూపు లేదు. నేను నేర్సుకుంట పగలగొట్టిన రాళ్ళు ఎన్నో నీకు ఎరికే లేదు, ఆచారీ. ఇన్నాళ్ళు నీ కండ్లయిన. ఆ రాత్రి నాకు నోరు కాలేకపోయినవ్."

వెంకటనారాయణ కాగితాలు సర్దాడు. రుజువు చేసినవాడు తనే. గెలిచినట్టు ఎక్కడా లేదు. పైకి రిపోర్టు రాస్తే ఏమవుతుందో అతనికి ముందే కనబడుతోంది. మున్షీ గాదీ మీదే ఉంటాడు. ఉంగ తలుపు దగ్గరే ఉంటాడు. ఎవరైనా కదిలితే కదిలేది తనే, ఇంకా లోపలి అడవి ఔట్‌పోస్ట్‌కు. నందే మీద నేరం లేదని, ఆమె ఇంటికి వెళ్ళవచ్చని, కేసు మూసేస్తున్నానని చెప్పాడు.

నందే లేవలేదు.

"దొంగను గానని నువ్వు చెప్పేదేంది? నాకు ముందుగాలనే ఎరికె." ఆమె కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో ఎత్తి, అతని కాగితాల మీద పెట్టింది. "పోయిన రాయి మీద ఇన్ని కాగితాలు నింపినవ్. ఈ చెయ్యి మీద ఒక్క ముక్క లేదు. కలం తియ్. ఏ వేలు, ఏ దినం, ఎన్నిగంటలకు, అన్నీ రావాలె. నొక్కినోని పేరు, నొక్కుమన్నోని పేరు, ఇని ఊకున్నోని పేరు. పైన మొదలు నీ పేరు. ఈడనే, ఈళ్ళ ముందల్నే చదివి ఇనిపియ్యి. అది అయ్యేదాక నేను ఈ చాప మీదికెల్లి లేవ."